లొట్టి, గంగాళం, మా అమ్మ

పోచారంలో మేముండే వీధి చివర మూడు తాటిచెట్లు మిగిలాయి. వాటి వెనక అపార్టుమెంట్లు, అవతల ఇన్ఫోసిస్ కాంపస్. మా నాయనమ్మ ఈ చుట్టుపక్కలే, వరంగల్ రోడ్డుకి ఆనుకుని ఉన్న ఒక కల్లు మండువలో ముప్ఫై ఏళ్ళు కల్లమ్మింది. ఆమె కోడలు, అంటే మా అమ్మ, 1993 మొదట్లో మా వాడలో సారా దుకాణం ముందు అడ్డంగా కూర్చున్న ఆడవాళ్ళలో ఒకతె. ఆ ఇద్దరి తర్వాతి తరం నేను. పోయిన చలికాలంలో వరసగా మూడు శనివారాలు బీరు కాచే చోట్లకి వెళ్ళి రకరకాల బీర్లు రుచి చూసొచ్చాను. వాటి గురించి రాద్దామనే కూర్చున్నాను. రాస్తున్న కొద్దీ వ్యాసం నాయనమ్మ లొట్టి దగ్గరికే వెళుతోంది.

పోచారం నుంచి ఉప్పల్ దాకా బస్సు. 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగిన ఫ్లైఓవర్ పనుల పుణ్యమా అని ఆ దారి తెలిసినవాళ్ళకి దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా ఊరు మొత్తం అడ్డంగా దాటుతాం. నాతో కలిసి పరిశోధన చేసిన ఇద్దరు స్నేహితురాళ్ళు, మా కాలేజీలో పనిచేసే ఒక మిత్రుడు తోడొచ్చారు. మన సాహిత్యంలో ఊరు తిరిగి చూడటమనేది మగవాళ్ళ పనిగానే ఉంది కదా అని రైల్లో మాట్లాడుకున్నాం. ‘క్రీడాభిరామం’లో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు, కనిపించిన స్త్రీలందరినీ వర్ణిస్తారు. ఆ స్త్రీలలో ఒక్కతె వీళ్ళిద్దరినీ వెనక్కి తిరిగి చూసి వర్ణించి ఉంటే ఎలా ఉండేదని నా స్నేహితురాలి ప్రశ్న. రాయదుర్గంలో దిగేసరికి ముగ్గురికీ ఆ హుషారు వచ్చేసింది.

తెలంగాణలో మైక్రోబ్రూవరీలకి నిబంధనలు 2015లో వచ్చాయి. అక్కడే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే అమ్మటం దాని పద్ధతి. గాజుగోడ వెనక మనిషికి రెండింతల ఎత్తున్న ఉక్కు గంగాళాలు. కొన్నిటికి పైన రాగిరేకు తొడుగుతారు, చూపు కోసం. రుచి చూస్తామంటే చెక్క పలక మీద అయిదు చిన్న గ్లాసులు వరసగా పెట్టి తెస్తారు. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అందులో పండూ లేదు, లవంగమూ లేదు. ఆ వాసనలు ఈస్టు పుట్టించేవి. స్టౌట్ నల్లగా, మాడ్చిన బార్లీ వల్ల కాఫీ చేదుతో ఉంటుంది. లాగర్ చల్లటి చోట వారాలపాటు నిదానంగా పులుస్తుంది, ఏల్ కొంచెం వెచ్చగా వారం పదిరోజుల్లో తయారవుతుంది. ఐపిఎ అనే దానిలో హాప్స్ పూల చేదు నాలుక వెనక్కి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు అదే నచ్చింది. కాకరకాయ తినే నోరు కదా.

వడ్డించే అబ్బాయి ఈ విషయాలన్నీ ఎంతో శ్రద్ధగా చెప్పాడు, మా మిత్రుడికి. అతను తాగడు. అతని ముందు నిమ్మకాయ సోడా ఉంది. మేము ముగ్గురం అడిగిన ప్రశ్నలకి కూడా జవాబులు అతని మొహం చూసే వచ్చాయి. చివర్లో బిల్లు సైతం సోడా ముందే పెట్టారు. రెండో శనివారం ఇంకోచోట బీరు కాచే యువకుడు గాజుగోడ లోపలికి తీసుకెళ్ళి చూపించాడు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మరపట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తియ్యటి నీటిని వడకట్టి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి ఈస్టు కలపటం. ఇక్కడ ఆడవాళ్ళెవరన్నా పనిచేస్తారా అని అడిగాను. మర్యాదగానే చెప్పాడు: “మాల్టు బస్తా పాతిక కిలోలుంటుంది మేడమ్. లేడీస్‌కి కష్టం.”

నెత్తిన లొట్టి, చంకలో బిందెతో మండువకి నడిచే నాయనమ్మ గుర్తొచ్చింది. అతనితో వాదించలేదు. ఇంటికొచ్చి చదవటం మొదలుపెట్టాను.

బీరు చరిత్ర ఎక్కడ తెరిచినా మొదట కనిపించేది ఆడమనిషే. సుమేరులో బీరుకి ఒక దేవత ఉంది, పేరు నింకాసి. ఆమె మీద పాడిన స్తోత్రం సుమారు క్రీ.పూ. 1800 నాటి మట్టిపలకల మీద దొరికింది. 1964లో మిగుయెల్ సివిల్ దాన్ని అనువదించాక తెలిసిందేమిటంటే, ఆ స్తుతిలో బీరు కాచే విధానం కూడా ఇమిడి ఉంది. పని చేస్తూ పాడుకునే పాటలో పని క్రమం ఇమిడి ఉండటం మనకి కొత్తేమీ కాదు. దంపుళ్ళ పాటలు సేకరించినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కానీ ఆ తర్వాత యాభై ఏళ్ళకే వచ్చిన హమ్మురాబి శాసనం చూడండి. బీరు అమ్మే స్త్రీ ధాన్యం తీసుకోకుండా వెండే కావాలని తూకంలో మోసం చేస్తే నీళ్ళలో పడెయ్యాలి. ఆమె దుకాణంలో కుట్రదారులు చేరితే పట్టి అప్పగించకపోయినందుకు ఆమెకే మరణశిక్ష. ఇంకొక నిబంధన ఉంది. దేవుడికి అంకితమైన స్త్రీ మద్యశాల తలుపు తెరిచినా, తాగటానికి లోపలికి వెళ్ళినా, సజీవంగా కాల్చాలి. కాచే చేతికి ఒక దేవతనిచ్చిన ఆ నేలమీదే, అమ్మే చేతికీ తాగే నోటికీ ఇన్ని శిక్షలు రాసి పెట్టారు.

ఇంగ్లండు కథ ఇంకొంచెం వివరంగా తెలుసు. జుడిత్ బెనెట్ 1996లో ప్రచురించిన పుస్తకం 1300 నుంచి 1600 దాకా మూడు వందల ఏళ్ళ రికార్డుల్ని తిరగేసింది. 1300 ప్రాంతంలో ఊళ్ళలో ఏల్ కాచి అమ్మేవాళ్ళు ఎక్కువమంది స్త్రీలే. పెళ్ళయినవాళ్ళు, విధవలు, ఒంటరివాళ్ళు, ఇంటికి కాచుకున్నదానిలో మిగిలింది పక్కింటికి అమ్ముకునేవాళ్ళు. 1600 వచ్చేసరికి ఆ పని చాలావరకు మగవాళ్ళ చేతుల్లోకి పోయింది. ఎవరో ఒకరోజు వచ్చి లాక్కోలేదు. ఇక్కడే నాకు ఆసక్తి కలిగింది. పాత ఏల్‌లో హాప్స్ ఉండేవి కావు కాబట్టి నాలుగైదు రోజుల్లో పులిసి పాడయ్యేది. పాడయ్యేది కనక కొద్దికొద్దిగా, తరచుగా, ఇంటి దగ్గరే కాచాలి. హాప్స్ వేసిన బీరు సముద్రానికి అవతలి నుంచి వచ్చింది. అది నిలవుంటుంది. నిలవుండేదాన్ని పెద్దమొత్తంలో కాచవచ్చు, బండ్ల మీద పంపవచ్చు, సైన్యానికి అమ్మవచ్చు. దానికి పెద్ద గంగాళాలు కావాలి, అప్పు కావాలి, సంఘంలో సభ్యత్వం కావాలి, కోర్టులో తన పేరు మీద సంతకం పెట్టే హక్కు కావాలి. వీటిలో ఏదీ పెళ్ళయిన స్త్రీకి సొంతంగా లేదు. ఆమె చేతి పనితనం పోలేదు, పని పరిమాణం ఆమెకి అందనంత పెరిగింది.

పక్కనే సాహిత్యం తన వంతు పని తాను చేసింది. జాన్ స్కెల్టన్ అనే కవి పదహారో శతాబ్దంలో ఎలినార్ రమ్మింగ్ అనే ఏల్ అమ్మే ముసలామెని మురికిదానిగా, వికారంగా చిత్రించి పొడుగాటి కవిత రాశాడు. చెస్టర్ ఊళ్ళో ఆడే మతనాటకంలో క్రీస్తు నరకాన్ని ఖాళీ చేసి అందరినీ తీసుకుపోతే, కల్తీ చేసి అమ్మిన ఏల్ స్త్రీ మాత్రం అక్కడే మిగిలిపోతుంది. మంత్రగత్తెల మొనదేరిన టోపీ, చీపురు కూడా ఈ స్త్రీల నుంచే వచ్చాయనే కథ ఒకటి బాగా ప్రచారంలో ఉంది. దానికి సరైన ఆధారం కనిపించదు. మన వాదానికి ఆ అలంకారం అవసరమూ లేదు.

నాకు అంతగా నచ్చిన ఐపిఎ పేరులో ‘ఇండియా’ ఉంది. మనవాళ్ళ కోసం కాచింది కాదు. ఇక్కడున్న కంపెనీ ఉద్యోగుల కోసం, సైనికుల కోసం నెలల తరబడి ఓడల్లో వచ్చే బీరు అది. దారిలో చెడిపోకుండా హాప్స్ ఎక్కువ వేసేవారు. ఆ చేదు కూడా నిలవ కోసం పుట్టిందే.

మన దేశంలో ఈ తలుపు ఎంత గట్టిగా మూసుకుని ఉండేదో చెప్పటానికి ఒక్క ఉదాహరణ చాలు. కిరణ్ మజుందార్ తండ్రి పెద్ద బీరు కంపెనీలో ప్రధాన బ్రూమాస్టరు. ఆమె ఆస్ట్రేలియాలోని బల్లారాట్‌లో అదే చదువు చదివి 1975లో బ్రూమాస్టరుగా పట్టా తీసుకుంది. తిరిగొచ్చాక ఆడపిల్లకి ఆ ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. 1978లో ఆమె బయోకాన్ మొదలుపెట్టింది. ఆ తర్వాతి కథ విజయగాథగా అందరూ చెబుతారు. ఉద్యోగం ఇవ్వకపోవటాన్ని అందులో ఒక మలుపుగా వాడుకుంటారు. బయోకాన్ పెట్టలేని ఆడపిల్లల సంగతేమిటని మనం అడగాలి. మద్యం వడ్డించే చోట స్త్రీలని పనిలో పెట్టుకోకూడదనే 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టంలోని నిబంధనని సుప్రీంకోర్టు కొట్టేసింది 2007లో, అనుజ్ గర్గ్ కేసులో. స్త్రీల రక్షణ పేరుతో వాళ్ళ ఉపాధిని తీసెయ్యటం రక్షణ కాదని తేల్చటానికి తొంభై మూడేళ్ళు పట్టింది.

ఇక మా ఇంటికి వస్తాను.

నాయనమ్మకి చదువు రాదు. కల్లు చుక్క నాలుక మీద పెట్టుకుని చెట్టు చెప్పేది. ఈతకల్లు, తాటికల్లు తేడా ఎవరైనా చెబుతారు. తాటిలోనే పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని కాలాన్ని బట్టి, చెట్టుని బట్టి రుచి మారుతుంది. “నాలిక మీద వెట్టుకుంటె తెలుస్తలేదా బిడ్డా, గిది పరుపుతాడు” అని నాకు చిన్నప్పుడు చూపించేది. ఏ చెట్టుది తేటగా ఉంటుంది, ఏది గొంతులో గీరుతుంది, లొట్టికి సున్నం ఎంత రాస్తే పులవకుండా నీరాగా ఉంటుంది, వర్షం పడిన మర్నాడు ఎలా మారుతుంది, ఇదంతా ఆమెకి తెలుసు. చెక్క పలక మీద అయిదు గ్లాసులు చూసినప్పుడు నాకు కొత్తగా అనిపించకపోవటానికి కారణం ఆమే. మాకు పరిచయం లేని పదాలతో అక్కడ ఆ అబ్బాయి వర్ణించిన విద్య, పెద్ద పెద్ద పేర్లేవీ లేకుండా ఆమె దగ్గర ఉంది.

చెట్టెక్కేది తాత. మోకు, గీతకత్తి, ముస్తాదు అతనివి. కల్లు కిందికి దిగాక మోసేది, వడకట్టేది, అమ్మేది, ఉద్దెర లెక్కలు గుర్తుపెట్టుకునేది, తాగి గొడవపడేవాళ్ళని బయటికి పంపేది నాయనమ్మ. బోనాల నాడు పోచమ్మకి సాకబోసే కల్లు ఆమె చేతి మీదుగా వెళ్ళేది. పనిలో సగం కన్నా ఎక్కువ ఆమెదే, కాగితంలో ఆమె లేదు. నిజాం రాజ్యంలో 1316 ఫసలీలో, అంటే 1906–07లో, ఆబ్కారీ చట్టం చేశారు. చెట్టుకి నెంబరు, దానికి పన్ను, కాంట్రాక్టరు పెత్తనం అన్నీ గీసేవాడి నెత్తిన పడ్డాయి. దాని స్థానంలో 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చింది. కాంట్రాక్టర్ల మీద పోరాడి గీత కార్మికులు సహకార సంఘాలు సాధించుకున్నారు, చెట్టు గీసేవాడికే లైసెన్సు అనే టి.ఎఫ్.టి. పద్ధతి వచ్చింది. అది నిజమైన విజయమే. కాదనను. కానీ ‘గీసేవాడు’ అన్న మాటలోనే అమ్మేది మాయమైపోయింది. చెట్టెక్కి గీసి వార్తల్లోకెక్కిన ఒకరిద్దరు స్త్రీలని మనం మెచ్చుకుంటాం. అందరూ ఎక్కనక్కర్లేదు. కింద నిలబడి చేసేది కూడా వృత్తేనని ఒప్పుకోవటానికి ఎవరూ చెట్టెక్కాల్సిన పనిలేదు.

మా నాన్న చెట్టెక్కలేదు. నాచారంలో ఫ్యాక్టరీ పనికి వెళ్ళాడు. అక్కడ గేటు బయట దొరికేది కల్లు కాదు, సారా. ఈ తేడా బయటివాళ్ళకి చిన్నదిగా కనిపిస్తుంది. కల్లు పొద్దున దించితే మధ్యాహ్నానికి పులుస్తుంది, మర్నాటికి పనికిరాదు. దాన్ని ఊరు దాటించటం కష్టం. సారాకి ఆ అడ్డు లేదు. ఎన్టీఆర్ మొదటి ప్రభుత్వ కాలంలో వచ్చిన ‘వారుణి వాహిని’ సారాని ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి పల్లె గడప దాకా తెచ్చింది. జేబులో పట్టే ప్యాకెట్. రాష్ట్రానికి 1970–71లో 39 కోట్ల రూపాయలున్న ఎక్సైజ్ ఆదాయం 1991–92కి 812 కోట్లకి చేరిందంటే, ఆ డబ్బు ఏ ఇళ్ళలోంచి వచ్చిందో మా అమ్మలాంటి వాళ్ళని అడగాలి. జీతం రోజు ఆమె నన్ను చంకనేసుకుని గేటు దగ్గర నిలబడేదట. ఒక్కోసారి కవరు దొరికేది. ఒక్కోసారి మనిషి దొరికేవాడు, కవరు ఉండేది కాదు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోసమ్మా, ఆమె తోటి స్త్రీలూ సారా దుకాణం మూయించిన సంగతి ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. అక్షరాస్యత ఉద్యమంలో వాళ్ళ కథే పాఠమై ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పేరుతో మిగతా ఊళ్ళకి చేరింది. 1993 ఏప్రిల్‌లో నెల్లూరులో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997లో ఎత్తేశారు. మా నాన్న ప్యాకెట్ నుంచి సీసాకి మారాడు. నేను ఇంటర్లో ఉండగా కాలేయం చెడిపోయి పోయాడు.

అందుకే బీరు రుచి చూసి రాస్తానని అమ్మకి చెప్పటానికి నాకు రెండు వారాలు పట్టింది. తిడుతుందనుకున్నాను. బియ్యం ఏరుతూ అంది: “నువ్వు తాగితె నేనేమంట. నీ పైసలు, నీ నోరు. కని గా వాసన నా దిక్కు రానియ్యకు. మీ నాయిన యాదికొస్తడు.”

ఆ మాట తర్వాత నేను రాసుకున్న మొదటి ప్రతిని చింపేశాను. అందులో తాగటాన్ని స్వేచ్ఛకి గుర్తుగా చేసి రాశాను. చల్లటి గదిలో చెక్క పలక ముందు కూర్చుని, మెట్రో చార్జీ పెట్టుకుని, మగతోడు లేకపోయినా భయపడకుండా రాగల ఉద్యోగస్తురాలికి అది స్వేచ్ఛ కావచ్చు. వారంలో ఒక రాత్రి ఆడవాళ్ళకి ఉచితంగా పోసే చోట్ల మనం అతిథులమా, మగ గిరాకీని పిలిచే ఎరలమా అన్నది వేరే ప్రశ్న. అలాగని స్త్రీకి మద్యంతో ఉండగల సంబంధం దుకాణం ముందు అడ్డంగా కూర్చోవటం ఒక్కటే అంటే నాయనమ్మ ఎక్కడికి పోవాలి? 1930లో గాంధీ స్త్రీలని మద్యం దుకాణాల దగ్గర పికెటింగ్‌కి పిలిచినప్పటి నుంచీ మన చరిత్రలో ఆ బొమ్మ ఒక్కటే వెలుగులో ఉంది. దుకాణం లోపల కూర్చున్న గౌడ స్త్రీని, ఇప్పసారా కాచుకునే గోండు స్త్రీని ఆ వెలుగు చీకట్లోకి నెట్టింది.

దక్షిణాఫ్రికాలోని డర్బన్ కథ చదివినప్పుడు నాకీ ముడి కొంత విడింది. అక్కడ జొన్న బీరు ఇంటి దగ్గర కాచి అమ్మేది ఆఫ్రికన్ స్త్రీలు. 1908 చట్టం తర్వాత నగరపాలక సంస్థ ఆ వ్యాపారం తన గుత్తకి తీసుకుంది, తనే బీరుశాలలు పెట్టింది, ఆడవాళ్ళు కాచేదాన్ని నేరం చేసింది. 1959 జూన్‌లో కాటో మానర్ స్త్రీలు కర్రలతో ఆ బీరుశాలల మీద పడ్డారు. భర్తల జీతాలు అక్కడే ఖర్చవుతున్నాయన్న కోపం, తమ కుండలు పగలగొట్టారన్న కోపం, రెండూ ఒకే గుంపులో ఉన్నాయి. దూబగుంట స్త్రీ, నింకాసి కూతురు ఒకే మనిషిగా అక్కడ కనిపించారు. అమ్మా నాయనమ్మా జీవితమంతా ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోలేదు. ఒకామె మద్యం అమ్మిన మనిషి, ఇంకొకామె దానితో సంసారం పోగొట్టుకున్న మనిషి అని మేమంతా అనుకున్నాం. ఇద్దరి బతుకుల్లోనూ లెక్కలు రాసుకున్నది ఎక్సైజ్ శాఖే.

హైదరాబాద్‌లో 2004లో కల్లు దుకాణాలు మూసేశారు. 2014లో, తెలంగాణ వచ్చాక, దసరాకి మళ్ళీ తెరిచారు. ఆ పదేళ్ళలో చెట్లు ఎన్ని పోయాయో పోచారం చుట్టూ తిరిగితే తెలుస్తుంది. చెట్లు తగ్గి, తాగేవాళ్ళు పెరిగితే లొట్టిలోకి మందు వస్తుంది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు, ఇంకెందరో ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, కూలిపని చేసుకునేవాళ్ళు. గాజుగోడ వెనక కాచేదాని శుభ్రతకి పూచీ ఉంది. వీళ్ళ గ్లాసుకి ఎవరి పూచీ లేదు.

మూడో శనివారం తర్వాతి ఆదివారం, రోడ్డు పక్కనున్న ఒక మండువకి వెళ్ళాను. అమ్మ నాతో వచ్చింది, లోపలికి రాలేదు, వేపచెట్టు కింద నిలబడింది. అమ్మేది నలభై ఏళ్ళావిడ. ఆమె భర్త చెట్టు మీంచి పడి నాలుగేళ్ళయింది. చెట్లు ఇప్పుడు మరిది గీస్తున్నాడు, లైసెన్సు అతని పేరు మీద ఉంది. మరి నీదేముందక్కా అని అడిగాను. “నాదేముంటది. గీ గల్లపెట్టె తాళం ఉంది. అది గూడ పొద్దుమీకి ఇయ్యాలె” అంది. కొంచెం రుచి చూస్తానని ముంత అందుకోబోయాను. ఆమె మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూసేసింది.

“పొద్దెక్కిందమ్మా, పులిసింది. రేపు పొద్దుగాల రా.”